పీడీఎఫ్ నొక్కితే ఒకచోట తెరుచుకుంటుంది, ఒకచోట మాయమవుతుంది: ఏ బ్రౌజర్ వాడాలి?

అడిగినాయన బాధ ఇదీ: ఒకే పీడీఎఫ్ లింకు ఇంట్లో కంప్యూటర్‌లో నొక్కితే ట్యాబ్‌లో తెరుచుకుంటుంది, ఆఫీసులో నొక్కితే చప్పుడు లేకుండా డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లోకి పోతుంది, ఫోన్‌లో ఒక యాప్ లోపలినుంచి నొక్కితే అసలేమీ జరగదు. దీన్ని సరిగ్గా చేసే బ్రౌజర్ ఏదైనా ఉంటే చెప్పమంటున్నారు.

అట్లాంటి బ్రౌజర్ లేదు. బ్రౌజర్ మార్చినంత మాత్రాన తీరే తలనొప్పి కాదిది. ఫైల్‌తో పాటు సర్వర్, అంటే సైట్ నడిచే అవతలి కంప్యూటర్, రెండు ముక్కలు చెప్పి పంపిస్తుంది. ఒకటి కంటెంట్ టైప్, అంటే ఇది పీడీఎఫ్, ఇది బొమ్మ, ఇది జిప్ అని. రెండోది కంటెంట్ డిస్పొజిషన్. అందులో ‘ఇన్‌లైన్’ అని ఉంటే బ్రౌజర్ తన ట్యాబ్‌లో చూపిస్తుంది, ‘అటాచ్‌మెంట్’ అని ఉంటే దించుకుంటుంది. ఈ రెండో ముక్క వెబ్‌లో ఎట్లా నడవాలో 2011లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 6266 అనే ఇంటర్నెట్ ప్రమాణాల పత్రంలో రాసిపెట్టారు. సైట్ కట్టినవాళ్లు బద్ధకించి ప్రతి ఫైల్‌కూ ‘అప్లికేషన్ ఆక్టెట్ స్ట్రీమ్’ అని పెట్టేస్తే, ఏదో బైట్ల మూట అని మాత్రమే చెప్పినట్టు. అప్పుడు లోపలున్నది పీడీఎఫే అయినా క్రోమ్ లాంటి బ్రౌజర్ దాన్ని ట్యాబ్‌లో చూపించకుండా సేవ్ చేసేస్తుంది. దీనికితోడు మీ బ్రౌజర్‌లోనూ ఒక సెట్టింగ్ ఉంటుంది. క్రోమ్‌లో సైట్ సెట్టింగ్స్‌లో అడుగునున్న పీడీఎఫ్ డాక్యుమెంట్స్‌లోకి వెళ్తే ‘డౌన్‌లోడ్ పీడీఎఫ్స్’, ‘ఓపెన్ పీడీఎఫ్స్ ఇన్ క్రోమ్’ అని రెండు కనపడతాయి. మీ ఆఫీసులో మొదటిది నొక్కిపెట్టి ఉంటారు. ఇల్లూ ఆఫీసూ తేడా అంతే.

నా అసలు కోపం ఇక్కడ కాదు. ఒకప్పుడు ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ గానీ ఫైర్‌ఫాక్స్ గానీ ఫైల్ రాగానే ‘తెరవాలా, సేవ్ చేయాలా’ అని అడిగేవి. తెరవమంటే టెంపరరీ ఫోల్డర్‌లో పెట్టి తెరిచేవి. ఫైర్‌ఫాక్స్ అయితే మూసేటప్పుడు ఆ టెంపరరీ ఫైళ్లను తీసేసేది కూడా. 2022 మార్చిలో ఫైర్‌ఫాక్స్ 98 వచ్చింది, ఆ ప్రశ్న మామూలుగా అడగడం పోయింది. ఇప్పుడు తెరవమన్నా సరే ముందు డౌన్‌లోడ్స్‌లో ఒక కాపీ పడాల్సిందే. క్రోమ్ మొదటినుంచీ అంతే. చూసి పారేసే కాగితానికీ, పదేళ్లు దాచుకునే కాగితానికీ తేడా లేకుండా పోయింది. పాత పద్ధతికీ ఒక జబ్బుండేది, కాదనను. టెంపరరీ ఫోల్డర్‌లో తెరుచుకున్న వర్డ్ ఫైల్‌లో గంటసేపు టైప్ చేసి సేవ్ కొట్టి మూసేస్తే, మరునాడు అది యాడుందో దేవుడికే తెలియాలి. ఆ జబ్బుకు మందు ప్రశ్నను ఇంకొంచెం తెలివిగా అడగడం. వీళ్లు ప్రశ్ననే ఎత్తేశారు.

సొంత కంప్యూటర్‌లో ఇది చిరాకు మాత్రమే. పదిమంది వాడే కంప్యూటర్‌లో ప్రమాదం. తిరుపతిలో బస్టాండ్ చుట్టూ, లీలామహల్ వైపు ఉండే ఏ నెట్ సెంటర్‌లోనైనా కాసేపు నిలబడి చూడండి. తెల్లవారుజామున బస్సు దిగిన కుటుంబం. తిరుమల దర్శనం టికెట్టు హైదరాబాదులో ఉన్న మనవడు బుక్ చేశాడు, ప్రింట్ వీళ్లు తీసుకోవాలి. “నైనా, 300 టికెట్టు, ఐదుగురం” అంటుంది పెద్దావిడ. సెంటర్ అబ్బాయి లాగిన్ చేయించి డౌన్‌లోడ్ నొక్కుతాడు. ఏమీ కనపడదు. కింద డౌన్‌లోడ్ల పట్టీ ఉండే క్రోమ్‌కు అలవాటుపడిన కన్ను కిందికే చూస్తుంది. 2023లో ఆ పట్టీ తీసేసి పైన కుడిపక్క మూలలో చిన్న బాణం గుర్తు పెట్టారు. కనపడలేదని మళ్లీ నొక్కుతాడు, మళ్లీ నొక్కుతాడు. మూడు కాపీలు పడతాయి.

డౌన్‌లోడ్స్ తెరిస్తే ఆడ టికెట్ అని ఒకటి, పక్కన బ్రాకెట్లో 1, 2, 3 అంటూ వరసగా. చాలా సైట్లు వచ్చిన ప్రతివాడికీ ఫైల్‌ను ఒకే పేరుతో ఇస్తాయి, ఊరంతా ఒకే పేరు పెట్టుకున్నట్టు. ఆ పేరు అప్పటికే ఉంటే బ్రౌజర్ అంకె తగిలిస్తుంది. అంకె లేనిది అసలుదని అబ్బాయి దాన్నే తెరుస్తాడు. అది ఎన్నాళ్ల కిందో వచ్చిన ఎవరిదో. పోనీ పెద్ద అంకె ఉన్నదే కొత్తదా అంటే అదీ కాదు. క్రోమ్ ఖాళీగా ఉన్న చిన్న అంకెను వెతుక్కుంటుంది. మధ్యలో ఎవరో 3ను డిలీట్ చేసి ఉంటే, ఈరోజు వచ్చినదానికి 3 పడుతుంది, 9 మాత్రం పాతది. హడావిడిలో పేరు చూడకుండా ప్రింట్ కొడితే కుటుంబం ఇంకొకరి టికెట్ పట్టుకుని క్యూలో నిలబడుతుంది. ఆధార్ కార్డులో పేరు వేరు, టికెట్లో పేరు వేరు.

కాబట్టి ప్రింట్ తీసే అబ్బాయిలకు ముందుగా చెప్పేది: ఫోల్డర్‌లో వెతకొద్దు. కంట్రోల్ జే నొక్కితే బ్రౌజర్‌లోనే డౌన్‌లోడ్ల జాబితా వస్తుంది, అందులో పైన ఉన్నదే ఇప్పుడు దించింది. ఫోల్డర్‌లోనే వెతకాలంటే పేరు వరస మానేసి ‘డేట్ మాడిఫైడ్’ వరస పెట్టుకోండి. పని అయ్యాక కస్టమర్ కళ్లముందే షిఫ్ట్ డిలీట్ కొట్టండి. ఉత్త డిలీట్ కొడితే రీసైకిల్ బిన్‌లోకి పోతుంది, ఎవరైనా వెనక్కి తీసుకోవచ్చు.

ఇన్‌కాగ్నిటో, అంటే చూసినవి గుర్తుపెట్టుకోని విండోలో చేస్తే సరిపోతుందని చాలామంది గట్టిగా నమ్ముతారు. సరిపోదు. అది మూస్తే హిస్టరీ పోతుంది, కుకీలు పోతాయి, దించిన ఫైల్ మాత్రం డిస్క్ మీద అట్లాగే ఉంటుంది. గెస్ట్ మోడ్‌లోనూ ఇదే సంగతి. చిత్తూరు కలెక్టరేట్ దగ్గరైనా, తిరుపతి కొర్లగుంటలోనైనా, ఏ జెరాక్స్ షాపు కంప్యూటర్‌లో డౌన్‌లోడ్స్ తెరిచినా ఆధార్లు, పాన్ కార్డులు, స్కాన్ రిపోర్టులు, పెళ్లి ఫోటోలు గుట్టగా కనపడతాయి. ఈ-ఆధార్‌కు పాస్‌వర్డ్ ఉంటుంది కదా అనొద్దు. పేరులో మొదటి నాలుగు ఇంగ్లీషు పెద్ద అక్షరాలు, పక్కన పుట్టిన సంవత్సరం, అంతే కదా అది. పక్కనే పాన్ కార్డు కాపీ పడి ఉంటే ఆ రెండూ దాని మీదే ఉంటాయి. అవసరమైన చోటల్లా మొత్తం అంకెలున్న ఆధార్ ఇవ్వకుండా, చివరి నాలుగంకెలే కనపడే మాస్క్‌డ్ ఆధార్ దించుకోవడం మేలు.

ఇక సెట్టింగులు. క్రోమ్ సెట్టింగ్స్‌లో డౌన్‌లోడ్స్‌కి పోయి ‘ఆస్క్ వేర్ టు సేవ్ ఈచ్ ఫైల్ బిఫోర్ డౌన్‌లోడింగ్’ అన్న మీట ఆన్ చేయండి. ప్రతిసారీ పేరూ చోటూ అడుగుతుంది. అడిగినప్పుడే పేరు మార్చేయండి: టికెట్ అని వదిలేయకుండా ఎవరిది, ఏ తేదీది అని. ఈ ఒక్క అలవాటుతో సగం గొడవ పోతుంది. ఆండ్రాయిడ్ క్రోమ్ సెట్టింగ్స్‌లోనూ డౌన్‌లోడ్స్ కింద ఇలాంటి మీటే ఉంది.

ఫైర్‌ఫాక్స్‌లో పాత ప్రశ్నను వెనక్కి తెచ్చుకోవచ్చు. సెట్టింగ్స్‌లో జనరల్, అందులో కిందికి పోతే అప్లికేషన్స్ అనే పట్టిక. పట్టిక అడుగున మిగతా ఫైళ్లను ఏం చేయాలని అడుగుతుంది, ‘ఆస్క్ వెదర్ టు ఓపెన్ ఆర్ సేవ్ ఫైల్స్’ ఎంచుకోండి. అది పట్టికలో లేని రకాలకే. పీడీఎఫ్‌కు పట్టికలో విడిగా ఒక వరస ఉంటుంది, దాని పక్కన ‘ఆల్వేస్ ఆస్క్’ పెట్టాలి. ఇది తెలియక ‘మార్చినా మారలేదు’ అని తిట్టుకునేవాళ్లే ఎక్కువ. తెరిచినవి మళ్లీ టెంపరరీ ఫోల్డర్‌లోకే పోవాలంటే ఇంకొంచెం లోపలికి దిగాలి. అడ్రస్ బార్‌లో అబౌట్ కోలన్ కాన్ఫిగ్ కొట్టి, హెచ్చరిక దాటి, ‘స్టార్ట్ డౌన్‌లోడ్స్ ఇన్ టీఎంపీ డిర్’ అని ఇంగ్లీషులో వెతకండి. మాటల మధ్య ఖాళీ బదులు అండర్‌స్కోర్ పెట్టాలి. దాన్ని ట్రూ చేయండి. అక్కడే ‘ఓపెన్ పీడీఎఫ్ అటాచ్‌మెంట్స్ ఇన్‌లైన్’ అని ఇంకొకటుంది. సైట్ ‘అటాచ్‌మెంట్’ అని పంపినా ట్యాబ్‌లోనే తెరిచేలా చేసేది అదే. ఇంత మంచి మీటను మామూలు సెట్టింగుల్లో పెట్టకుండా ఆ గుహలో ఎందుకు దాచారో నాకైతే అర్థం కాదు. నెట్ సెంటర్లన్నిటికీ ఫైర్‌ఫాక్సే సరైనదని నేననేది ఈ రెండు మీటల కోసమే.

నొక్కినా ఫైల్ రాకపోతే మూడు చోట్ల చూడండి. అడ్రస్ బార్ కుడిచివర పాప్‌అప్ అడ్డుకున్నట్టు గుర్తుందా? రసీదును కొత్త విండోలో తెరిచే సైట్లతో ఎప్పుడూ ఇదే గొడవ. ఒకే సైట్ నుంచి రెండో ఫైల్ రావడం లేదా? ‘మల్టిపుల్ ఫైల్స్’ దించుతోందని క్రోమ్ అడిగినప్పుడు ఎవరో బ్లాక్ నొక్కి ఉంటారు, సైట్ సెట్టింగ్స్‌లో ‘ఆటోమేటిక్ డౌన్‌లోడ్స్’ చూడండి. పేజీ అడ్రసు భద్రమైన హెచ్‌టీటీపీఎస్‌తో మొదలై, ఫైల్ లింకు మాత్రం భద్రత లేని పాత హెచ్‌టీటీపీతో ఉంటే క్రోమ్ ఆపేస్తుంది. డౌన్‌లోడ్ జాబితాలో ‘కీప్’ అని ఉంటుంది, సైట్ మీద నమ్మకముంటేనే నొక్కండి.

ఫైల్ వచ్చింది గానీ ‘పాడైపోయింది’ అంటే ముందు సైజు చూడండి. పది పన్నెండు పేజీల కాగితం 4 కేబీ ఉంటే అది పీడీఎఫ్ కాదు. లాగిన్ గడువు తీరిపోయి సర్వర్ మళ్లీ లాగిన్ పేజీని పంపింది, బ్రౌజర్ దాన్నే పీడీఎఫ్ పేరుతో సేవ్ చేసింది. నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే తేలిపోతుంది: నిజమైన పీడీఎఫ్ శాతం గుర్తుతో, వెంటనే పీడీఎఫ్ అన్న అక్షరాలతో మొదలవుతుంది. డాక్‌టైప్ హెచ్‌టీఎంఎల్ అని కనపడితే అది ఉత్త వెబ్ పేజీ, మళ్లీ లాగిన్ అయి దించుకోవాల్సిందే. రిపేర్ సాఫ్ట్‌వేర్లకు డబ్బు పెట్టొద్దు. పేరు చివర సీఆర్‌డౌన్‌లోడ్ అని ఉంటే క్రోమ్‌లో, పార్ట్ అని ఉంటే ఫైర్‌ఫాక్స్‌లో సగంలో ఆగిన ఫైల్. ఆ తోక తీసేసి పీడీఎఫ్ అని పేరు మార్చి, తెరుచుకోలేదని ఏడిస్తే ఏం లాభం? పీడీఎఫ్ లాంటి తనకు తెలిసిన రకాల తోకలను కనపడకుండా విండోస్ దాచేస్తుంది, అది ఇంకో పాపం. విండోస్ 11లో ఫైల్ ఎక్స్‌ప్లోరర్ తెరిచి వ్యూ, షో, ‘ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్’ టిక్ పెట్టండి.

బ్రౌజర్ ట్యాబ్‌లో అంతా సవ్యంగా కనపడుతున్నా నమ్మకూడని కాగితాలు కొన్నున్నాయి. ఆధార్, ఆదాయ ధ్రువపత్రాల్లాంటి వాటిమీద డిజిటల్ సంతకం ఉంటుంది. ‘వ్యాలిడిటీ అన్‌నోన్’ అని పసుపు ప్రశ్నార్థకం కనపడితే దొంగదని కాదు, సరిచూడలేదని. దానికి అడోబీ రీడర్ కావాలి. సంతకం మీద నొక్కి, సిగ్నేచర్ ప్రాపర్టీస్, ‘షో సైనర్స్ సర్టిఫికెట్’, ట్రస్ట్ ట్యాబ్, ‘యాడ్ టు ట్రస్టెడ్ సర్టిఫికెట్స్’ అని పోయి, మళ్లీ వ్యాలిడేట్ చేయాలి. పాస్‌వర్డ్ తీసేయడానికి అందరూ చెప్పే ‘ప్రింట్ టు పీడీఎఫ్’ చిట్కా పాస్‌వర్డ్‌తో పాటు ఆ సంతకాన్నీ ఊడగొడుతుంది. కాగితం మీద అచ్చుకైతే పర్వాలేదు, ఆన్‌లైన్‌లో అప్‌లోడ్ చేసేదైతే ఆ పని చేయొద్దు.

తెలుగు పేరున్న ఫైళ్ల సంగతి వేరే కథ. కంప్యూటర్లు అక్షరాలను దాచుకునే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు అక్షరానికి, గుణింతం గుర్తుకు కూడా, 3 బైట్లు. ‘తిరుపతి’ అంటే లోపల 7 గుర్తులు, 21 బైట్లు. సైట్ పేరును సరిగ్గా పంపకపోతే ఆ ఒక్క మాట శాతం గుర్తులతో 63 అక్షరాల చెత్తగా మారి కూర్చుంటుంది. లినక్స్‌లో, ఫోన్లలో మామూలుగా ఫైల్ పేరుకు 255 బైట్లే హద్దు, అంటే 85 తెలుగు గుర్తులు. వార్తాపత్రిక శీర్షికంత పేరు పెడితే తోక తెగుతుంది, తోకతో పాటు పీడీఎఫ్ అన్న ముక్క కూడా పోవచ్చు. పేరు మార్చి చివర చుక్క పెట్టి పీడీఎఫ్ చేర్చితే మళ్లీ తెరుచుకుంటుంది.

వర్డ్ ఫైల్ పసుపు పట్టీతో ‘ప్రొటెక్టెడ్ వ్యూ’లో తెరుచుకుంటే అది ఇంటర్నెట్ నుంచి వచ్చిందని విండోస్ వేసిన ముద్ర వల్ల. ఫైల్ మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, అడుగున ‘అన్‌బ్లాక్’. ఎక్కడినుంచి వచ్చిందో తెలియని ఫైల్‌కు మాత్రం ఆ ముద్ర అట్లాగే ఉండనీయండి.

ఇక ఫోన్‌లో యాప్ లోపలినుంచి నొక్కితే ఏమీ జరగని సంగతి. కొన్ని యాప్‌లు లింకును అసలు బ్రౌజర్‌కు ఇవ్వకుండా తమ లోపలే వెబ్‌వ్యూ అనే చిన్న కిటికీలో తెరుస్తాయి. డౌన్‌లోడ్ వస్తే ఏం చేయాలో యాప్ రాసినవాడు చెప్పకపోతే ఆ కిటికీ నోరు మూసుకుని కూర్చుంటుంది, తప్పు జరిగిందని కూడా చెప్పదు. పైన మూడు చుక్కలు నొక్కి ‘ఓపెన్ ఇన్ బ్రౌజర్’ అన్నది ఎంచుకోండి. అది లేకపోతే లింకును కాపీ చేసి క్రోమ్‌లో అతికించండి. అక్కడ మళ్లీ లాగిన్ అడుగుతుంది, ఎందుకంటే యాప్‌లో చేసిన లాగిన్ క్రోమ్‌కు తెలియదు. ఓటీపీ వచ్చే నంబరున్న ఫోన్ చేతిలో పెట్టుకునే ఈ పని మొదలుపెట్టండి.