అమ్మమ్మకు మతిమరుపు ఎందుకిచ్చావు?

చిరంజీవికి ఆశీస్సులు.

నీ కథ చదివాను. చిక్కడపల్లి ఇంటిని, ఆ ఇంట్లో మాటలను చక్కగా పట్టుకున్నావు. నాకు మింగుడు పడనిది ఒక్కటే. ఎనభై దాటిన ఆ దంపతులలో లెక్కలు, దారులు, తర్కం అన్నీ తాతగారికి కట్టబెట్టి, అమ్మమ్మగారికి మతిమరుపు మిగిల్చావు. పైగా "ఆడవాళ్ల బుర్ర అంతే" అని కొడుకు అంటే కథ కూడా తలూపింది.

పరిశోధనలు ఆ మాట చెప్పవు. స్త్రీ పురుషుల మానసిక తేడాల మీద వచ్చిన 46 మెటా విశ్లేషణలను (ఎన్నో అధ్యయనాల ఫలితాలను కలిపి లెక్కగట్టేవి) అమెరికన్ మనస్తత్వవేత్త జానెట్ హైడ్ 2005లో ఒకచోట చేర్చి చూస్తే, 78 శాతం తేడాలు చిన్నవో, దాదాపు లేనివో అని తేలింది. మిగిలినవీ ఉన్నాయి, దాచకూడదు. ఒక ఆకారాన్ని మనసులోనే తిప్పి చూసే పరీక్షలో పురుషుల సగటు ఎక్కువ. విన్న మాటలు, జరిగిన సంగతులు గుర్తుంచుకోవడంలో స్త్రీల సగటు కాస్త ఎక్కువ. చూశావా, వాళ్లు ముందుండే చోటే నువ్వు మతిమరుపు పెట్టావు! అయినా నువ్వు రాస్తున్నది సగటు గురించి కాదు, ఒక మనిషి గురించి.

మన దేశంలో వృద్ధ స్త్రీలకు ఇలాంటి పరీక్షల్లో తక్కువ మార్కులు వస్తున్న మాట నిజమే. అందులో పెద్ద భాగం చదువు లేకపోవడం వల్లే. 1951 జనగణనలో అక్షరాస్యులు పురుషుల్లో సుమారు 27 శాతం, స్త్రీలలో 9 శాతం లోపే. బడికి పంపని పిల్లకు ఎనభయ్యో ఏట కాగితం, పెన్సిలు ఇచ్చి గడియారం గీయమంటే చెయ్యి తడబడుతుంది. అదే చేతికి ముగ్గుపిండి ఇవ్వు. 15 చుక్కలు, 8 వరకు మధ్య చుక్క పెట్టి, గీత ఎక్కడా తెగకుండా మెలికలు తిప్పుతూ మొదలుపెట్టిన చోటికే వస్తుంది. ఆ ముగ్గు నీ కథలో లేదు.

ఇంకో సంగతి. మన హైదరాబాద్‌లోనే నిమ్స్ ఆసుపత్రిలో 648 మంది డిమెన్షియా (మతిమరుపు జబ్బు) రోగులను పరిశీలించి 2013లో ప్రచురించారు. రెండు భాషలు మాట్లాడేవారిలో ఆ జబ్బు సుమారు నాలుగున్నరేళ్లు ఆలస్యంగా కనిపించింది. చదువు రానివారిలో కూడా ఆ ఆలస్యం కనిపించింది. కూరగాయల బండి దగ్గర ఉర్దూలో బేరమాడే మీ అమ్మమ్మగారికి ఆ అవకాశం ఇచ్చావా?

మతిమరుపు ఉంచాలనిపిస్తే ఉంచు. కానీ దానికి కారణం ఆమె బతుకులోంచి తీసుకురా: పట్టించుకోని రక్తపోటు కావచ్చు, ఎవరికీ చెప్పని చెవుడు కావచ్చు. కొడుకు మాటకు ఆమె చేత జవాబు చెప్పించు. తిరగరాసిన ప్రతి దసరాలోపు పంపు.