ముందు ట్యాంకు చూడు

చి. శీనుకి మామయ్య ఆశీస్సులు.

బావ 1996లో కొన్న మారుతి 800ని మళ్లీ రోడ్డెక్కిస్తున్నావని అక్క చెప్పింది. ఎంత సంతోషమేసిందో! ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు మిస్సింగ్ కొట్టి ఆగిపోతోందట, గాలీ పెట్రోలూ కలిపి ఇంజన్‌కి పంపే కార్బొరేటర్ మార్చమన్నారట. తొందరపడకు. ముందు ట్యాంకు చూడు.

వెనకటికి ఒక కారుకి నేను కార్బొరేటర్ మూడుసార్లు విప్పి కడిగాను. కడిగిన రోజు బాగానే పోయేది, వారం తిరక్కుండా మళ్లీ మొరాయించేది. చివరికి ట్యాంకు దింపి వంపితే పెట్రోలుతో పాటు కాఫీ పొడిలా తుప్పు రాలింది. ఆ బండాయన డబ్బు అన్నాళ్లూ అనవసరంగా ఖర్చు పెట్టించాను. ఆ బాధ నాకిప్పటికీ ఉంది.

మీ కారు ఏడాదిన్నర కదలకుండా నిలబడింది. ఇప్పటి పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ కలుస్తోంది. అది తేమను పీలుస్తుంది. నీరు అడుగుకి దిగిందంటే ఇనుప ట్యాంకుని తినేస్తుంది. అందుకే కొంచెం పెట్రోలు గాజు సీసాలోకి తీసి, కదపకుండా ఉంచు. అడుగున వేరే పొర కనిపించినా, ఎర్రటి మడ్డి పేరినా ట్యాంకు దింపాల్సిందే. నోటితో పీల్చొద్దు, చేతిపంపు వాడు. ముందు బ్యాటరీ మైనస్ వైరు ఊడదియ్యి. వంటింటి పక్క షెడ్డులో మాత్రం వద్దురా, బండిని ఆరుబయటికి తొయ్యి. పెట్రోలు ఆవిరి గాలికన్నా బరువు, నేలంటా పాకి పొయ్యి దాకా పోతుంది.

రబ్బరు పైపులు వంచి చూడు. పగుళ్లుంటే, క్లిప్పుల దగ్గర తడి ఉంటే అన్నీ మార్చెయ్యి, ఇథనాల్‌కి తట్టుకునేవే అడిగి కొను. కొత్త పెట్రోలు ఫిల్టర్ మీది బాణం ఇంజన్ వైపుండాలి.

తర్వాత డిప్‌స్టిక్, అదే ఇంజన్ ఆయిల్ మట్టం చూసే పుల్ల, తీసి వాసన చూడు. ఇంజన్ ఆయిల్ పెట్రోలు కంపు కొట్టినా, మట్టం పెరిగినా ఇంజన్‌కి పెట్రోలు తోడే పంపులో డయాఫ్రమ్, అంటే లోపలి పల్చటి పొర, చిరిగిందేమోనని అనుమానించు. అది తేలేదాకా బండి స్టార్ట్ చెయ్యొద్దు.

ఇవన్నీ అయ్యాకే కార్బొరేటర్. అందులో పెట్రోలు వచ్చే సన్న బెజ్జాల జెట్లలో గుండుసూది పెట్టకు. ఇత్తడి మెత్తన, బెజ్జం వెంట్రుకవాసి పెరిగినా బండి పెట్రోలు ఎక్కువ తాగుతుంది. క్లీనర్ స్ప్రే కొట్టి గాలి పట్టించు, చాలు.

సీసా ఫోటో రాత్రికి పంపు. ట్యాంకు దింపాల్సి వస్తే ఆదివారం నేనొస్తాను, ఒక్కడివే కారు కిందికి దూరకు.

మామయ్య