అద్దంలో బ్యాండు: పాత స్వింగ్ ఫిల్ముల మీద మీ ప్రశ్నలు

పోయిన సంచికలో స్వింగ్ అనే జాజ్ డాన్సు సంగీతం వాయించిన అమెరికా పెద్ద ఆర్కెస్ట్రాల పాత ఫిల్ముల గురించి నాలుగు ముక్కలు రాశాను. దాని మీద ఉత్తరాలు, వాట్సాప్‌లు బాగానే వచ్చాయి, ఎక్కువ బెజవాడ, గుంటూరు చుట్టుపక్కల నుంచే. ఒకే రకం ప్రశ్నల్ని కలిపేశాను. పేర్లు వేయొద్దన్నవాళ్లే ఎక్కువ కాబట్టి ఎవరి పేరూ వేయడం లేదు.

ప్రశ్న: యూట్యూబ్‌లో 1940ల నాటి మూడు నిమిషాల బ్యాండు ఫిల్ములు చూస్తున్నాను. కొన్నింట్లో వాయించేవాళ్లంతా ఎడమచేతి వాటమే! ట్రంపెట్ మీటలు కూడా ఎడమచేత్తో నొక్కుతున్నారు, టైటిల్ తిరగబడి ఉంది. కాపీరైట్ తప్పించుకోవడానికి ఎవరైనా తిప్పి పెట్టారంటారా?
(రిటైర్డ్ లెక్చరర్, బ్రాడీపేట, గుంటూరు)

జవాబు: మన పాత పాటల్ని అలా తిప్పి పెట్టేవాళ్లు బోలెడుమంది ఉన్నారు కాబట్టి మీ అనుమానం సహజమే. కానీ ఇందులో అప్‌లోడ్ చేసినవాళ్ల తప్పేమీ లేదండీ. మీరు చూస్తున్నవి సౌండీలు, అంటే నాణెం వేస్తే ఆడే యంత్రాల కోసం తీసిన పొట్టి పాటల ఫిల్ములు. 1940 నుంచి ఆరేడేళ్లు అమెరికాలో బార్లలో, హోటళ్లలో, బస్సుల స్టేషన్లలో పానోరం అని ఒక యంత్రం ఉండేది. చికాగోలోని మిల్స్ నావెల్టీ కంపెనీ తయారీ. నిలువెత్తు చెక్క బీరువా లాంటిది, పైన తెర. పది సెంట్ల నాణెం వేస్తే ఒక పాట చూపించేది. లోపల 16 ఎంఎం ప్రొజెక్టర్, దాని మీద ఎనిమిది పాటలు వరసగా అతికించిన ఒకే రీలు, అది చుట్టూ తిరిగి మళ్లీ మొదటికి వస్తుంది. అంటే నాకు జాజ్ బ్యాండు నాయకుడు డ్యూక్ ఎలింగ్టన్ కావాలి అని నాణెం వేస్తే కుదరదు, రీలు ఎక్కడ ఆగి ఉంటే అక్కణ్ణుంచి తర్వాతి పాటే వస్తుంది, అది మీకు ఇష్టమైనా కాకపోయినా చూడాల్సిందే. జ్యూక్‌బాక్స్‌లో నచ్చిన పాట నొక్కడానికి అలవాటుపడిన జనం దీనితో ఎలా వేగారో! ఈ వ్యాపారంలో అప్పటి అమెరికా ప్రెసిడెంట్ రూజ్‌వెల్ట్ కొడుకు జేమ్స్ కూడా చెయ్యి పెట్టాడు.

ఇక అసలు సంగతి. పెట్టె లోతు చిన్నది, ప్రొజెక్టర్ వెలుగు తెర దాకా వెళ్లడానికి దూరం చాలదు, అందుకని వెలుగుని అద్దాల మీద కొట్టించి, మళ్లించి, తెర వెనక నుంచి వేశారు. అలా వేస్తే బొమ్మ కుడి ఎడమలు మారిపోతుంది కదా, అందుకే ప్రింటునే ముందుగా తిరగేసి తీసేవారు. పెట్టెలో చూసినవాళ్లకు అంతా సవ్యంగానే కనిపించింది. అదే ప్రింటుని ఈ రోజుల్లో మామూలుగా స్కాన్ చేసి పెడితే బ్యాండు బ్యాండంతా పుర్రచేతివాళ్లే. తర్వాత క్యాజిల్ ఫిల్మ్స్, అఫీషియల్ ఫిల్మ్స్ లాంటి కంపెనీలు ఇవే సౌండీలను ఇళ్లలో వేసుకోవడానికి సరైన వైపు ప్రింట్లు తీసి అమ్మాయి, అందుకే ఒకే పాట మీకు రెండు రకాలుగానూ దొరకొచ్చు.

టైటిల్ కత్తిరించేసి ఉంటే కోటు చూడండి. మగవాళ్ల కోటుకి రుమాలు పెట్టుకునే పై జేబు ఎడమ రొమ్ము మీద ఉంటుంది, అంటే ఎదురుగా ఉన్న మనకు కుడివైపు కనిపించాలి. ట్రాంబోన్ గొట్టాన్ని ముందుకీ వెనక్కీ జరిపేది కుడిచెయ్యి. పియానోలో మంద్ర స్వరాలు వాయించేవాడికి ఎడమవైపు. ఒక గిటారు మనిషి నిజంగానే పుర్రచేతివాడు కావచ్చు గానీ పదిహేను మందీ అయ్యే ఛాన్స్ లేదు. డౌన్‌లోడ్ చేసుకున్న ఫైలైతే వీఎల్‌సీ ప్లేయర్లో వీడియో ఎఫెక్ట్స్‌లోకి వెళ్లి ఫ్లిప్ హారిజాంటల్ పెట్టుకుంటే సరిపోతుంది.

ప్రశ్న: నేను కీబోర్డు వాయిస్తాను. ఈ ఫిల్ముల్లో డ్రమ్మర్ కర్ర పడేచోటికీ దెబ్బ వినిపించేచోటికీ కుదరట్లేదు. ఇవి ఒరిజినల్ కావా?
(సత్యనారాయణపురం, విజయవాడ)

జవాబు: ఒరిజినలే, కాకపోతే పాటా బొమ్మా ఒకే రోజున పుట్టలేదు. ఘంటసాల పాడితే నాగేశ్వరరావు పెదాలు కదిపిన గడ్డ మీద పుట్టినవాళ్లం, మనకి ప్లేబ్యాక్ గురించి వేరే చెప్పాలా! అక్కడ గాయకుడికే కాదు, మొత్తం బ్యాండుకే ప్లేబ్యాక్. ముందు స్టూడియోలో రికార్డు చేసి, తర్వాత ఆ రికార్డు పెట్టి కెమెరా ముందు వాయిస్తున్నట్టు నటించేవారు. సౌండీలు దాదాపు అన్నీ ఇంతే, హాలీవుడ్ పెద్ద సినిమాలూ అంతే. గొట్టం ఊదేవాళ్లు వేళ్లు తెలిసినవే కాబట్టి బాగానే మేనేజ్ చేస్తారు, దొరికిపోయేది డ్రమ్మరే. వాద్యం వాయించేవాళ్లు చూడాల్సిన పద్ధతి ఒకటి చెబుతా: వేళ్లు చూసి నేర్చుకోండి, కూర్చునే తీరూ పట్టుకునే తీరూ చూడండి, తాళం మాత్రం చెవితోనే వినండి. రెండూ కలిపి రుజువుగా తీసుకోవద్దు.

నిజంగా అక్కడికక్కడ వాయించింది చూడాలంటే ఇంకా వెనక్కి, 1920ల చివరికి వెళ్లాలి. 1926లో వార్నర్ బ్రదర్స్ మొదలుపెట్టిన వైటాఫోన్ పద్ధతిలో శబ్దం ఫిల్ము మీద ఉండదు, 16 అంగుళాల వెడల్పున్న పెద్ద గ్రామఫోన్ ప్లేటు మీద ఉంటుంది. నిమిషానికి 33 చుట్లు, ఇంకో మూడో వంతు. ముల్లు లోపలి గీత దగ్గర మొదలై బయటికి వస్తుంది. ప్లేటు మధ్య కాగితం మీద చిన్న చిన్న గళ్లు ఉండేవి, థియేటర్లో ఆపరేటర్ ప్లేటు వేసిన ప్రతిసారీ ఒక గడి కొట్టేయాలి. దాదాపు 20 ఆటలయ్యాక ఆ ప్లేటు పని అయిపోయినట్టే, కొత్తది తెప్పించుకోవాలి. ప్లేటు మీద ఎక్కించిన శబ్దాన్ని కత్తిరించి అతికించడం కుదరదు కాబట్టి పాట మొదటి నుంచి చివరిదాకా ఏకబిగిన వాయించాలి, కెమెరా మోత రికార్డులోకి రాకుండా కెమెరానీ కెమెరామన్‌నీ కలిపి గాలి చొరబడని గదిలో పెట్టి తలుపేసేవారు, పాపం ఆ లైట్ల వేడికి లోపల అతను ఉడికిపోయేవాడు. ఆ ఫిల్ముల్లో బొమ్మ కదలకుండా బిగుసుకుపోయి ఉంటుందని చాలామంది పెదవి విరుస్తారు. నాకైతే అవే ఇష్టం, కళ్లకు కనిపించే దెబ్బ మీదే చెవికి దెబ్బ వినిపిస్తుంది.

ఇంకో మాట. పాడైపోయిన శబ్దం తీసేసి అదే పాట గ్రామఫోన్ రికార్డు అతికించి పెడుతున్నవాళ్లు ఉన్నారు. రంగులు పూసి, సెకనుకి 24 ఫ్రేములున్నదాన్ని 60 చేసి పెడుతున్నవాళ్లు ఇంకా ఎక్కువ. ముఖాలు మైనం పూసినట్టు అవుతాయి, ట్రంపెట్ మీద వేళ్లు ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి. వాయిద్యగాళ్లు దానికి దూరంగా ఉండటమే మంచిది.

ప్రశ్న: మా నాన్నగారు గాంధీనగర్‌లో ఒక డిస్ట్రిబ్యూషన్ ఆఫీసులో చేసేవారు. అటక సర్దుతుంటే ఒక ఇనుప డబ్బా బయటపడింది, లోపల సన్న ఫిల్ము, ఎవరో తెల్లవాళ్ల బ్యాండు కనిపిస్తోంది. మూత తీయగానే పులిసిన ఘాటు వాసన. దీన్ని చూడటం ఎలా?
(విజయవాడ)

జవాబు: ముందు ఒక పని చేయకండి, ఎవరి దగ్గరో పాత ప్రొజెక్టర్ ఉందని దాని మీదికి ఎక్కించకండి. ఆ వాసన వెనిగర్ వాసన. ఎసిటేట్ ఫిల్ము తేమకీ వేడికీ విరిగిపోతూ ఎసిటిక్ ఆమ్లాన్ని వదులుతుంది, ఆ ఆమ్లమే మళ్లీ మిగతా ఫిల్ముని ఇంకా తొందరగా తింటుంది. ఫిల్ము కురచబడుతుంది, అంచున ఉండే రంధ్రాలు ప్రొజెక్టర్ పళ్లకి కుదరవు, వేస్తే పరపరా చిరిగిపోతుంది. మే నెలలో బెజవాడ అటక ఎలా ఉంటుందో మీకు నేను చెప్పాలా, ఫిల్ముకి అంతకంటే చెడ్డ చోటు ఊళ్లో ఇంకోటి లేదు.

సన్న ఫిల్ము అంటున్నారు కాబట్టి 16 ఎంఎం అయి ఉండాలి, వెడల్పు సెంటీమీటరున్నర పైచిలుకు. అయితే నిప్పంటుకుంటుందనే టెన్షన్ వద్దు, 16 ఎంఎం 1923లో వచ్చినప్పటి నుంచీ సేఫ్టీ ఫిల్మే. 1950ల మొదటి దాకా వచ్చిన 35 ఎంఎం అయితే ఇట్టే నిప్పంటుకునే నైట్రేట్ ఫిల్ము కావచ్చు, అది మాత్రం ఇంట్లో ఉంచుకునే వస్తువు కాదు.

నూలు చేతితొడుగులు వేసుకుని, మొదటి రెండు గజాలు చేత్తో మెల్లగా విప్పి కిటికీ వెలుగులో చూడండి. రంధ్రాలు రెండు అంచులా ఉంటే మూకీ. ఒక్క అంచునే ఉండి, రెండో అంచున సన్నగా వంకీలు తిరిగిన గీత ఉంటే శబ్దం ఉన్నట్టే. అంచు మీద కోడాక్ పేరు, దాని పక్కన చిన్న గుండ్రం, చదరం, త్రికోణం లాంటి గుర్తులు కనిపిస్తే ఫోటో తీసుకోండి, అవి ఫిల్ము తయారైన సంవత్సరానికి గుర్తులు, 20 ఏళ్లకోసారి అవే తిరిగి వస్తాయి. 400 అడుగుల రీలైతే శబ్దంతో 11 నిమిషాలు నడుస్తుంది, సౌండీ ఒకటి వంద అడుగుల పైమాట. తుప్పు పట్టిన డబ్బా మార్చేసి, గాలి ఆడే ప్లాస్టిక్ డబ్బాలో పడుకోబెట్టండి, ఇంట్లో అన్నిటికంటే చల్లగా, పొడిగా ఉండే గదిలో. వేరే ఫిల్ములుంటే వాటికి దూరంగా. అప్పట్లో అమెరికన్ సమాచార శాఖ వాళ్లు ఇలాంటి 16 ఎంఎం ఫిల్ములు కాలేజీల్లో చూపించేవారు, మీది ఆ దారిలో వచ్చిందేమో. ఫోటోలతో పుణెలో 1964 నుంచి ఉన్న జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్‌కి రాయండి. ముంబైలో ఫిల్మ్ హెరిటేజ్ ఫౌండేషన్ కూడా ఉంది. పెళ్లి వీడియోలు కాపీ చేసే షాపుకి మాత్రం ఇవ్వకండి.

ప్రశ్న: పెళ్లిళ్ల బ్యాండులో క్లారినెట్ వాయిస్తాను. అమెరికన్ క్లారినెట్ వాద్యకారుడు బెన్నీ గుడ్‌మన్ కోసం ఇవి చూడటం మొదలుపెట్టాను. ట్రంపెట్ వాళ్లు గొట్టం ముందు టోపీలు ఎందుకు ఊపుతున్నారు? స్టైలా?
(మంగళగిరి)

జవాబు: స్టైలు కొంత, పని కొంత. గొట్టం నోటికి అడ్డం పెట్టి తీస్తుంటే వా వా అని మనిషి మాట్లాడినట్టు వస్తుంది. గుండ్రటి గట్టి టోపీ ఒకటైతే, రెండోది ఇంకా తమాషా, సింకు మూసుకుపోతే నొక్కే రబ్బరు కప్పు, కర్ర పీకేసి. ఎలింగ్టన్ బ్యాండులో బబ్బర్ మైలీ ట్రంపెట్ మీద, ట్రిక్కీ సామ్ నాంటన్ ట్రాంబోన్ మీద దీన్ని పరాకాష్ఠకి తీసుకెళ్లారు. మీ బ్యాండులో ట్రంపెట్ ఆయన చేత ఓసారి చేయించి చూడండి, ఊరేగింపులో కాదు, అక్కడ డప్పుల ముందు ఏమీ వినపడదు.

ప్రశ్న: నల్లవాళ్లూ తెల్లవాళ్లూ కలిసి వాయించే ఫిల్ములు ఎందుకు కనపడవు?
(డిగ్రీ విద్యార్థిని, గుంటూరు)

జవాబు: తీయనివ్వలేదమ్మా. 1937లో వచ్చిన హాలీవుడ్ హోటల్ అనే సినిమాలో తెల్లవాళ్లు బెన్నీ గుడ్‌మన్, జీన్ క్రూపాతో నల్లవాళ్లు టెడ్డీ విల్సన్, లయొనెల్ హాంప్టన్ కలిసి కనిపించడం అప్పటికి పెద్ద విశేషం. నల్లజాతి గాయని లీనా హార్న్ పాటల్ని కథకి సంబంధం లేకుండా విడిగా తీసేవారు, దక్షిణాది రాష్ట్రాల థియేటర్లలో ఆ ముక్క కోసేసినా సినిమా ఆగకుండా. 1944లో జామిన్ ద బ్లూస్ అని పది నిమిషాల ఫిల్ము వచ్చింది, జాన్ మిలీ అనే ఫోటోగ్రాఫర్ తీశాడు, వెలుగు నీడల్లో శాక్సఫోన్ వాద్యకారుడు లెస్టర్ యంగ్ టోపీ అంచు నుంచి మొదలవుతుంది. అందులో ఒకే ఒక్క తెల్లవాడు గిటారు బార్నీ కెస్సెల్. అతన్ని నీడలో కూర్చోబెట్టి, చేతులు కనపడే షాట్లకి పళ్లరసంతో రంగు పూశారు. అది తెలిశాక ఆ ఫిల్ము ఇంకోసారి చూడు, ఆ నీడలు వేరేగా కనిపిస్తాయి.

ప్రశ్న: మన దేశంలో ఇలాంటి బ్యాండ్లు లేవా?
(తెనాలి)

జవాబు: ఎందుకు లేవు! చికాగో జాజ్ పియానిస్టు టెడ్డీ వెదర్‌ఫర్డ్ బొంబాయి తాజ్‌లో, కలకత్తా గ్రాండ్ హోటల్లో బ్యాండు నడిపాడు, 1945లో కలరాతో కలకత్తాలోనే పోయాడు. కళ్లారా చూడాలంటే 1951 నాటి హిందీ అల్‌బేలా చూడండి, గోవా ట్రంపెట్ వాద్యకారుడు చిక్ చాకొలెట్ తన బ్యాండుతో తెర మీదే కనిపిస్తాడు. సంగీతం సి. రామచంద్ర. ఇక మన మద్రాసు స్టూడియోల్లో వీణ పక్కనే శాక్సఫోన్ కూర్చున్న సంగతి పాత తెలుగు పాటలు వినే ఎవరికైనా తెలిసిందే.

ప్రశ్న: ఇంట్లో పిల్లలకి ముందు ఏది చూపించాలి?
(పటమట, విజయవాడ)

జవాబు: 1929 నాటి ఎలింగ్టన్ ఫిల్ము బ్లాక్ అండ్ టాన్ పెద్దవాళ్లకి. అప్పు కట్టలేదని పియానో పట్టుకుపోవడానికి వచ్చినవాళ్లకి మందు పోసి పంపేసే సీను ఉంది అందులో, చివర్లో ఒక మరణం కూడా. పిల్లలకైతే 1941 హెల్జాపాపిన్‌లో వంటవాళ్లు, పనివాళ్ల వేషాల్లో డాన్సర్లు ఎగిరే సీను, తర్వాత 1943 స్టార్మీ వెదర్‌లో క్యాబ్ కాలొవే బ్యాండు మీంచి డాన్సర్లు నికొలస్ సోదరులు గెంతుకుంటూ వెళ్లి పెద్ద మెట్ల మీద ఒకరి మీంచి ఒకరు దూకేది. ఆ రెండోది చూపించే ముందు సోఫా దగ్గర గాజు సామాను తీసి పక్కన పెట్టండి, చూడగానే మీవాళ్లు కూడా దూకుతారు.