మేనకోడలికి, టైమ్ అవుట్ గురించి

చిరంజీవి మేనకోడలికి,

అత్త ఆశీస్సులు. నిన్న రాత్రి మీ నాన్న ఫోను చేసి, అరగంట సేపు తన మోకాలి నొప్పి గురించి చెప్పి, పెట్టేసే ముందు "అన్నట్టు, దాన్ని పదహారేళ్ళ లోపు అమ్మాయిల బాస్కెట్‌బాల్ జట్టుకు హెడ్ కోచ్‌ని చేశారు, వచ్చే నెలలోనే టోర్నమెంటు" అన్నాడు. ఇంత పెద్ద కబురు ఆఖరున చెబుతాడా మనిషి! సంతోషం పట్టలేక కాసేపు ఇంట్లో అటూ ఇటూ తిరిగాను. పడుకున్నాక మాత్రం నిద్ర రాలేదు. నువ్వు ఓడిపోతావేమోనని కాదు. ఓడిపోతావు, దానికేముంది, అందరం ఓడినవాళ్ళమే. నాకు బెంగ పట్టుకున్నది టైమ్ అవుట్ల గురించి, అదే, కోచ్ ఆట ఆపించి పిల్లలతో మాట్లాడే ఆ నిమిషం విరామాల గురించి.

నవ్వకు. సాధన ఎలా చేయించాలో, ఎవరిని ఎక్కడ ఆడించాలో నేను నీకు చెప్పనక్కరలేదు. ఆ విద్యలో నువ్వు నాకంటే కొత్తగా చదువుకున్నదానివి. కానీ ఆట మధ్యలో బజర్ మోగి, పన్నెండు ముఖాలు ఒక్కసారిగా నీ వైపు తిరిగే ఆ అరవై సెకన్లు ఎలా గడపాలో నాకు ఎవరూ నేర్పలేదు. నీకూ నేర్పి ఉండరని నా అనుమానం.

ముందు లెక్కలు చెప్పేస్తాను, తెలిసినవే అయినా విను. ఫిబా, అంటే అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య, నిబంధనల ప్రకారం జట్టుకు ఆట మొదటి సగంలో రెండు టైమ్ అవుట్లు, రెండో సగంలో మూడు, అదనపు సమయం ఆడవలసి వస్తే ప్రతిసారీ ఒకటి. మిగిలినవాటిని తర్వాతకు దాచుకోవడం కుదరదు. సగం ముగియగానే స్కోరరు ఆ ఖాళీ గడుల్లో రెండు అడ్డగీతలు గీసేస్తాడు. ఇంకో మెలిక కూడా ఉంది. నాలుగో క్వార్టర్‌లో గడియారం రెండు నిమిషాలకు దిగాక రెండుకు మించి తీసుకోనివ్వరు. కాబట్టి మూడింటినీ ఆఖరుకు అట్టిపెట్టుకుందామనే పిసినారితనం వద్దు, ఒకటి మురిగిపోతుంది.

అడిగే హక్కు నీకూ, నీ మొదటి అసిస్టెంట్‌కూ మాత్రమే. బెంచి దగ్గర నిలబడి గాలిలోకి కేకలు వేస్తే అడిగినట్టు కాదు. గడియారం నడిపే టైమర్ నిన్ను చూశాడని తెలుసుకుని చేతులతో గుర్తు చూపించు, లేకపోతే స్కోరరు, టైమర్ కూర్చునే బల్ల దగ్గరకు వెళ్ళి స్పష్టంగా అడుగు. మనసు మార్చుకుంటే బజర్ మోగేలోపే మార్చుకోవాలి. ఎదుటి జట్టు బుట్టలో వేసినప్పుడు నీకు అవకాశం వస్తుంది. నీ జట్టు వేసినప్పుడు రాదు. ఇవన్నీ ఒక కాగితం మీద రాసి జేబులో పెట్టుకో, చాలు.

ఎన్ని మిగిలాయన్న లెక్క మాత్రం నీ దగ్గరే కాదు, పిల్లలందరి దగ్గరా ఉండాలి. 1993 ఏప్రిల్ 5న న్యూ ఆర్లియన్స్‌లో అమెరికా కళాశాలల ఫైనల్ జరిగింది. మిషిగన్ జట్టు 73-71తో రెండు పాయింట్లు వెనకబడి ఉంది, పదకొండు సెకన్లు మిగిలాయి. క్రిస్ వెబర్ బంతితో మూలకు చేరాడు. సరిగ్గా తన జట్టు బెంచి ఎదుటే ఇద్దరు అతన్ని చుట్టుముట్టారు. అతను టైమ్ అవుట్ అడిగాడు. జట్టుకు ఒక్కటీ మిగిలి లేదు. నిబంధన తప్పినందుకు టెక్నికల్ ఫౌల్ అనే శిక్ష పడింది, ఎదుటి జట్టు నార్త్ కరోలినా 77-71తో గెలిచింది. ఫిబా ఆటలో ఆటగాళ్ళకు అడిగే హక్కే లేదు గనక నీ పిల్లలకు ఆ గతి పట్టదు. అయినా ఆ కథ తలచుకున్నప్పుడల్లా నేను ఆ కుర్రవాణ్ణి చూడను. అతని వెనక, రెండడుగుల దూరంలో, బెంచి నిండా కూర్చున్న పెద్దవాళ్ళను చూస్తాను. ఎందుకంటే నేను ఆ పెద్దవాళ్ళలో ఒకదాన్ని.

ఇది మీ నాన్నకు కూడా పూర్తిగా చెప్పలేదు.

అప్పటికి నేను కోచ్‌ని అయి మూడేళ్ళు. ఫైనల్. ఒక పాయింటు ఆధిక్యంలో ఉన్నాం. మా పాయింట్ గార్డు, అంటే బంతి తెచ్చి ఆట నడిపించే అమ్మాయి, ఎదుట మనిషి ఉండగానే బంతిని ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చబోయింది. బంతి జారింది. వాళ్ళు లాక్కుని, పరుగెత్తి, వేసేశారు. ఇప్పుడు మేం ఒక పాయింటు వెనక. పద్దెనిమిది సెకన్లు మిగిలాయి. నా దగ్గరున్న ఆఖరి టైమ్ అవుట్ అడిగాను. అంతవరకూ తప్పేమీ లేదు.

పిల్లలు వచ్చి కూర్చున్నారు. నేను ఆ అమ్మాయి మీద విరుచుకుపడ్డాను. ఎన్నిసార్లు చెప్పాను, ఎవరి మాట విన్నావు, నీ మూలంగా ఇంతమంది కష్టం బూడిదపాలు, ఇలాంటి మాటలు. నోరు ఆగలేదు. ఆమె తల ఎత్తలేదు. పక్కనున్న పిల్ల అందించిన నీళ్ళ సీసా ఆమె చేతిలో ఉంది. మూత మీద వేళ్ళు పెట్టింది గాని తిప్పలేదు. కోచ్ తిడుతూ ఉంటే నీళ్ళెలా తాగుతారు చెప్పు? చూపుడు వేలికి చుట్టిన టేపు సగం ఊడి వేలాడుతూ ఉంది. ఆ టేపు ముక్క ఇప్పటికీ నా కళ్ళలో ఉంది. ఆనాటి స్కోరు మాత్రం కాగితం చూస్తే తప్ప చెప్పలేను.

యాభయ్యో సెకనుకు బజర్ మోగింది. అప్పుడు మెలకువ వచ్చింది నాకు. బోర్డు మీద గబగబా నాలుగు గీతలు గీశాను. ఎవరికీ అర్థం కాలేదు. ఇంటికి వచ్చాక చూసుకుంటే నాకూ అర్థం కాలేదు. బెంచి చివర ఉన్న అమ్మాయి వైపు తిరిగి "నువ్వు వెళ్ళు" అన్నాను. ఎవరి బదులు వెళ్ళాలో చెప్పలేదు. నా మనసులో అంతా తేటతెల్లంగానే ఉంది, తిట్లు తిన్న పిల్ల కూర్చోవాలి. నా మనసులో ఉన్నది వాళ్ళకెలా తెలుస్తుంది? కొత్తగా వెళ్ళిన అమ్మాయి కంగారులో బల్ల దగ్గర చెప్పకుండానే కోర్టులోకి పరుగెత్తింది. తిట్లు తిన్న అమ్మాయి భుజంతో ముఖం తుడుచుకుని, పోగొట్టిన బంతిని తానే తిరిగి తెస్తానన్నట్టు అందరికంటే ముందు వెళ్ళి నిలబడింది.

అయిదుగురు ఉండవలసిన కోర్టులో ఆరుగురు. రిఫరీలు లెక్కపెట్టలేదు, వాళ్ళననను. లెక్క నాది. బంతి లోపలికి వచ్చింది, రెండు పాసులు పడ్డాయి, ఈలోగా ఎదుటి బెంచి మొత్తం లేచి అరుస్తోంది. విజిల్. మా పిల్లలు ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ లెక్కపెట్టుకున్నారు. ఫౌల్ కోచ్ పేరున రాశారు. ఆ రోజుల్లో దానికి ఎవరూ అడ్డుకోకుండా బుట్టలో వేసే రెండు ఫ్రీ త్రోలు, ఆపైన బంతి కూడా వాళ్ళకే. రెండూ వేశారు. ఇంకేముంది.

ఆట అయ్యాక ఆ పిల్ల నా దగ్గరకు వచ్చి "నేను కూర్చోవలసింది మేడమ్, నాకు అర్థం కాలేదు" అంది. నేనేమన్నానో తెలుసా? "సరేలే" అన్నాను. క్షమించేసినట్టు!

తప్పు నాదేనని చెప్పడానికి నాకు పదకొండేళ్ళు పట్టింది. ఒకచోట ఎదురుపడితే పక్కకు తీసుకువెళ్ళి చెప్పాను. ఆమె నవ్వేసి "అదేదీ నాకు గుర్తులేదు మేడమ్" అంది. గుర్తులేనివాళ్ళు అంత త్వరగా నవ్వరు.

ఇప్పుడు అదే తప్పు జరిగితే ఒక్క ఫ్రీ త్రో. ఆట ఎక్కడ ఆగిందో అక్కడి నుంచే మొదలవుతుంది. నిబంధన మెత్తబడింది. నేను మెత్తబడలేదు. ఈరోజుకీ ఏ ఆట చూస్తున్నా టైమ్ అవుట్ అవగానే వేళ్ళు మడుస్తాను. మొన్న ఇంట్లో పిల్లలు ఫొటో కోసం వరసగా నిలబడితే ఆరో పిల్లను చూసి గుండె ఝల్లుమంది.

అమెరికా కళాశాలల ఆటలో 1948-49 సీజన్‌లో గాని టైమ్ అవుట్ సమయంలో కోచ్ ఆటగాళ్ళతో మాట్లాడటానికి అనుమతి రాలేదు తెలుసా? అంతకుముందు ఆటగాళ్ళు తమలో తాము మాట్లాడుకోవలసిందే. నిషేధం ఎత్తేసి మంచి పనే చేశారు గాని, నాలాంటి వాళ్ళ కోసం మొదటి పావు నిమిషానికైనా దాన్ని ఉంచవలసింది. నువ్వు ఉంచుకో. మొదటి పదిహేను సెకన్లు పిల్లల దగ్గరకు వెళ్ళకు. వాళ్ళను కూర్చోనీ, మూతలు తీయనీ, తాగనీ. నువ్వు పక్కన నీ అసిస్టెంట్‌తో నిలబడి ఏం చెప్పాలో తేల్చుకో. అప్పుడు వెళ్ళి ముందుగా అయిదు పేర్లు చెప్పు. బోర్డు తీయకముందే, ఎత్తుగడల గురించి మాట్లాడకముందే, అయిదు పేర్లు. మార్పు ఉంటే "ఫలానా అమ్మాయి బదులు ఫలానా అమ్మాయి" అని రెండు పేర్లూ కలిపి చెప్పు. లోపలికి వెళ్ళేదాన్ని ముందు బల్ల దగ్గరకు పంపు. ఆ మాట కోచ్ చెబితే చెల్లదు, ఆ పిల్లే వెళ్ళి చెప్పాలి. ఆడబోయే అయిదుగురినీ కూర్చోబెట్టి, మిగతావాళ్ళను వెనక నిలబెడితే నీ కళ్ళకు కూడా లెక్క తేలిక.

ఆ తర్వాత ఒక మాట బంతి మన దగ్గర ఉన్నప్పటి గురించి, ఒక మాట లేనప్పటి గురించి. మూడో మాట ఎంత బాగా తోచినా మింగేయ్. చెప్పినదాన్ని ఒక పిల్ల చేత తిరిగి చెప్పించు. వాళ్ళు తల ఊపడాన్ని నమ్మకు, పిల్లలు దేనికైనా తల ఊపుతారు.

బజర్ మోగాక ఇంకా పది సెకన్లే. రిఫరీ విజిల్ వేసి పిలిచినా గుంపు కదలకపోతే మొదట నిన్ను హెచ్చరిస్తారు. వినకపోతే నీ ఖాతాలోంచి ఇంకో టైమ్ అవుట్ కోసేస్తారు. కోయడానికి ఏమీ లేకపోతే టెక్నికల్ ఫౌల్ కూడా ఇవ్వవచ్చు. అది కూడా నీ పేరునే. కోర్టు అంచున నిలబడి మాట్లాడుకోవచ్చు గాని మీ బెంచి దగ్గరే ఉండాలి, అవతలి బెంచి వైపు షికార్లు వద్దు. నీళ్ళు నేల మీద ఒలికితే అప్పటికప్పుడు తుడిపించు. అందులో జారిపడేది నీ పిల్లే కావచ్చు.

ఆఖరి రెండు నిమిషాల్లో బంతి మీదై, కోర్టులో మీ సగంలోంచి మొదలుపెట్టవలసి ఉన్నప్పుడు టైమ్ అవుట్ తీసుకుంటే, బంతిని అక్కడి నుంచే లోపలికి అందించాలా, కోర్టులో అవతలి జట్టు సగంలోంచి అందించాలా అన్నది నీ ఇష్టం. రిఫరీ అడుగుతారు. ఒకసారి చెప్పాక మార్చుకోలేవు. ఆ సంగతి ఆ క్షణంలో ఆలోచించకు, ముందురోజు రాత్రే ఆలోచించుకో.

ఎదుటి కోచ్ తీసుకున్న టైమ్ అవుట్ కూడా నీదేనని మరిచిపోకు. ఖర్చు వాళ్ళది, నిమిషం ఇద్దరిదీ. నేను చాలా ఏళ్ళు దాన్ని చప్పట్లు కొట్టుకోవడానికి వాడి వృథా చేశాను.

ఇక నీ సంగతి. నువ్వు ఆడే రోజుల్లో ఒకసారి తువ్వాలు నెత్తిన కప్పుకుని, గుంపుకు వీపు తిప్పి కూర్చున్నావు. పైన కూర్చుని చూస్తున్నాను. నీ కోచ్ ఏమీ అనలేదు గాని నాకు దిగివచ్చి ఆ తువ్వాలు లాగేయాలనిపించింది. రేపు నీ జట్టులోనూ ఒకత్తె అలాగే కూర్చుంటుంది. దాని మీద అరవకు. దాని పక్కనున్న పిల్లకు ఒక సీసా ఇచ్చి, ఇమ్మని చెప్పు. నీ గొంతు మీ నాయనమ్మ గొంతు. ఆవిడ పిలిస్తే నాలుగిళ్ళ అవతల ఉన్నా పలికేవాళ్ళం. ఆ గొంతును ఆట జరుగుతున్నప్పుడు వాడుకో, అక్కడ పనికొస్తుంది. పిల్లలు కూర్చున్నప్పుడు నువ్వూ వంగి, వాళ్ళ కళ్ళ ఎత్తులో మాట్లాడు. ఇంతకీ మోకాళ్ళు బాగున్నాయా? మీ నాన్న పోలిక రాలేదు కదా?

మొదటి ఆటకు నేను వస్తున్నాను. వద్దనకు, టికెట్ కూడా తీసేసుకున్నాను. నీ బెంచి వెనక కూర్చోను, కంగారు పడతావు. ఎదురుగా, కోర్టుకు అవతలి పక్కన కూర్చుంటాను. ప్రతి టైమ్ అవుట్ తర్వాత లెక్కపెట్టి, అయిదుకు అయిదూ సరిపోతే చెయ్యి ఊపుతాను. నువ్వు నా వైపు చూడకు. నీ లెక్క నువ్వు పెట్టుకుంటూ ఉండు.

మీ అత్త