వైడూర్యం ఎన్నో పునాది?

సందేహం: బైబిల్లోని ప్రకటన గ్రంథం 21వ అధ్యాయంలో కొత్త యెరూషలేముకు అయిదవ పునాది వైడూర్యం, ఎనిమిదవది గోమేధికం అని ఉంది. నగల షాపులో వైడూర్యం అడిగితే పిల్లికన్ను రాయి చూపించి, కేతువుకు మంచిదన్నారు. సండే స్కూలు పిల్లలకు ఏమని చెప్పాలి? వైడూర్యమా, వైఢూర్యమా?

సమాధానం: రెండో ప్రశ్న సులువు. వైడూర్యమే. టీవీలో రాశిఫలాలు చెప్పేవారు, నగల ప్రకటనలు రాసేవారు ఆ డకారాన్ని ఒత్తి పలికి, ఒత్తి రాసి మాటను పాడుచేస్తున్నారు. గోమేదికానికీ అంతే. అది గోవు, మేదస్సు కలిసిన మాట. బైబిల్లో ‘ధి’ అని అచ్చయినా మీరు ‘ది’ అనే రాయండి.

ఇక వైడూర్యం. విదూరమనే చోటు నుంచి వచ్చింది కనుక ఆ పేరని సంస్కృత వ్యాకరణకర్త పాణిని సూత్రం. ఆ సూత్రాలకు భాష్యం రాసిన పతంజలి ఊరుకోలేదు. రాయి దొరికేది వాళవాయమనే కొండలో కదా, విదూరంలో సానపడతారంతే కదా అని చర్చ పెట్టాడు. పాళీలో ఇది ‘వేళురియ’. ఈ రూపమే పాతదనీ, దీని వెనక దక్షిణాది ఊరి పేరేదో ఉందనీ చాలామంది భాషావేత్తల అభిప్రాయం. నేనూ అటే మొగ్గుతాను. తమిళనాట కాంగేయం దగ్గరి పడియూరులో ఈ రాతి గనులు ఉండేవి. ఓడలెక్కిన ఆ మాట గ్రీకులో ‘బేరుల్లోస్’ అయింది. ఈ రాళ్లు భారతదేశానివే, వేరేచోట అరుదు అని క్రీ.శ. 79లో చనిపోయిన రోమన్ రచయిత ప్లీనీ రాశాడు. ఇంగ్లీషు బెరిల్ అదే. జర్మన్లు కళ్లజోడును ‘బ్రిల్లె’ అంటారే, అదీ ఇందులోంచి వచ్చిందే!

ప్రకటన గ్రంథం రాసిన యోహాను గ్రీకులో ఎనిమిదవ పునాది సరిగ్గా ఈ బేరుల్లోసే. మన దేశం నుంచి వెళ్లిన మాట తిరిగి మన భాషలోకి వచ్చేసరికి దాని చోట గోమేధికం కూర్చుంది. వైడూర్యమేమో అయిదవ పునాదికి పోయింది. అక్కడ గ్రీకులో ఉన్నది సార్డోనిక్స్, ఎరుపు తెలుపు పొరల రాయి. నాకిది బాధగానే ఉంటుంది. అయితే అనువాదకులను తప్పుపట్టలేను. పాతకాలపు వైడూర్యం సముద్రపు నీటి రంగు బెరిల్, ఇప్పటిది పిల్లికన్ను. పేరు ఒకటే, రాయి మారింది.

పైగా వాళ్లు తెలివైనవాళ్లు. పదవ పునాది ‘సువర్ణలశునీయం’ చూడండి. గ్రీకు క్రిసోప్రాసోస్‌లో ‘క్రిసోస్’ బంగారం, ‘ప్రాసోన్’ ఉల్లి జాతి మొక్క. సంస్కృతంలో లశునం వెల్లుల్లి. ఎంత ముచ్చటైన కూర్పు! పన్నెండవదైన ‘సుగంధం’ అత్తరు కాదు, అమెథిస్ట్ అనే ఊదారంగు రాయి. అర్థశాస్త్రంలో ఒక రకం కెంపుకున్న సౌగంధికమనే పేరు దీనికి మూలం కావచ్చు.

పిల్లలకు మాత్రం గ్రహాల ఊసు వద్దు. ప్రధాన యాజకుడు అహరోను పతకంలోని పన్నెండు రాళ్లమీద పన్నెండు గోత్రాల పేర్లు చెక్కారు (నిర్గమ 28). ఈ పునాదులమీద పన్నెండుమంది అపొస్తలుల పేర్లున్నాయి. బైబిల్లో ఈ రత్నాలు మోసేది పేర్లను, రాహుకేతువులను కాదు. వైడూర్యాన్ని ఎనిమిదవ చోటికి మార్చమని నేను పట్టుబట్టను. ఇంతమందికి కంఠతా వచ్చిన వాక్యమది. పేజీ అడుగున ఒక చిన్న వివరణ వేస్తే చాలేమో.