పేరు కాదు, ముందు లెక్క చూడు

చిరంజీవి అమ్మాయికి, ఆశీస్సులు.

ఆఫీసులో సాఫ్ట్‌వేర్ లైసెన్సుల పని నీకు అప్పగించారనీ, ఆ పేర్లు చూస్తేనే తల తిరుగుతోందనీ రాశావు. ఇరవై ఏళ్లు అదే పని చేసినదాన్ని, నీ టెన్షన్ నాకు తెలుసు.

పేర్లు అర్థం కాకపోవడం నీ లోపం కాదమ్మా. మైక్రోసాఫ్ట్ వాళ్ల లింక్ (Lync) అనే ఆఫీసు చాట్ సాఫ్ట్‌వేర్ 2015లో స్కైప్ ఫర్ బిజినెస్ అయింది. ఉద్యోగుల లాగిన్లు చూసే అజ్యూర్ యాక్టివ్ డైరెక్టరీని 2023లో ఎంట్రా ఐడీ అన్నారు. లోపలి సరుకు అదే. కాబట్టి ఒక షీటు తెరిచి, ఒక్కో సాఫ్ట్‌వేర్ మన దగ్గర చేసే పనిని మొదటి గడిలో రాయి, "ఉద్యోగుల లాగిన్" అన్నట్టు. పాత పేరు, కొత్త పేరు, ఒప్పందం ముగిసే తేదీ ఆ పక్కన. పేరు ఎన్నిసార్లు మారినా పని మారదు కదా.

ఆ తర్వాత ఒక్కటే అడుగు: వీళ్లు దేన్ని లెక్కపెట్టి డబ్బు తీసుకుంటున్నారు? మనుషుల్నా, మెషీన్లనా, కోర్లనా (అంటే ప్రాసెసర్ లోపల పని చేసే భాగాలనా)? విండోస్ సర్వర్‌కు 2016 వెర్షన్ నుంచి కోర్ల లెక్క వచ్చింది. ప్రాసెసర్‌కు కనీసం 8 కోర్లకు, సర్వర్‌కు కనీసం 16 కోర్లకు లైసెన్సు కొనాలి, నీ మెషీన్లో నాలుగే ఉన్నా సరే. అందులో స్టాండర్డ్, డేటాసెంటర్ అని రెండు రకాలుంటాయి, ఒకటి చిన్నది, ఒకటి పెద్దది అనుకుంటారు చాలామంది. అసలు చూడాల్సింది వర్చువల్ మెషీన్లు, అంటే ఒకే సర్వర్ లోపల వేరువేరు కంప్యూటర్లలా నడిచేవి. కోర్లన్నిటికీ ఒకసారి లైసెన్సు తీసుకుంటే స్టాండర్డ్‌లో రెండు నడుపుకోవచ్చు, డేటాసెంటర్‌లో ఎన్నైనా.

సర్వర్ కొన్నాక, దాన్ని వాడేవాళ్లకు క్యాల్ (CAL), అంటే సర్వర్‌ను వాడుకునే లైసెన్సు, వేరే కొనాలి. ఇక్కడే నేను పెద్ద తప్పు చేశాను. మూడు షిఫ్టుల ఆఫీసు, 40 కంప్యూటర్లు, 120 మంది. నేను మనిషికొకటి చొప్పున 120 యూజర్ క్యాల్స్ కొన్నాను. అందరూ వాడేది ఆ కంప్యూటర్ల మీదే, కంప్యూటర్‌కొకటి చొప్పున 40 డివైస్ క్యాల్స్ సరిపోయేవి. అమ్మినవాళ్లు చెప్పలేదు, నేనూ అడగలేదు. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది. నువ్వు మాత్రం షిఫ్టులు ముందు అడుగు.

చాలా ప్రోగ్రాములు నడవడానికి కావాల్సిన జావా విషయంలో ఇంకా జాగ్రత్త. 2023 జనవరిలో ఒరాకిల్ తెచ్చిన చందాలో లెక్కపెట్టేది జావా వాడేవాళ్లను కాదు, సంస్థ ఉద్యోగులందరినీ. "ఉద్యోగి" అంటే ఎవరో ఒప్పందంలోనే నిర్వచనం ఉంటుంది, అందులో కొందరు కాంట్రాక్టు వాళ్లు కూడా వస్తారు. ధరల పట్టిక కంటే ముందు ఆ నిర్వచనాల పేజీ చదువు. అమ్మేవాళ్లు ఫోన్లో చెప్పిన మాటను మెయిల్లో పెట్టమను. కొన్న రోజు ఉన్న షరతుల కాపీ దాచుకో, వెబ్‌సైట్లో అవి మారిపోతుంటాయి.

రెన్యువల్‌కు మూడు నెలల ముందే మొదలుపెట్టు. ముందు సర్వర్లు ఎన్ని, ఒక్కోదాంట్లో కోర్లు ఎన్నో రాసి పంపు, ఇద్దరం కలిసి చూద్దాం.

మీ పెద్దమ్మ