పెప్టైడ్ కలిపితే మాయమైన బ్యాండ్లు

ప్రశ్న: నేను జీవశాస్త్రంలో పరిశోధన చేస్తున్నాను. చిట్టెలుక మెదడులోని హిప్పోకాంపస్ నుంచి తీసిన ప్రొటీన్లపై, సినాప్టోఫిజిన్ అనే నాడీకణాల ప్రొటీనును పట్టుకునేలా కుందేలులో తయారైన యాంటీబాడీతో వెస్టర్న్ బ్లాట్ (ప్రొటీన్లను బరువు ప్రకారం జెల్‌లో విడదీసి, యాంటీబాడీతో గుర్తించే పరీక్ష) చేస్తే 38 కిలోడాల్టన్ల (ప్రొటీన్ల బరువు కొలమానం) దగ్గర ఒక బ్యాండు, అంటే గీత, 55 దగ్గర మరొకటి వచ్చాయి. ఆ యాంటీబాడీ తయారీకి వాడిన కృత్రిమ పెప్టైడ్‌ను (ప్రొటీనులోని చిన్న ముక్కను) ముందుగా దానితో కలిపి చూస్తే రెండూ మాయమయ్యాయి. రెండూ సినాప్టోఫిజిన్‌వేనని థీసిస్‌లో రాయవచ్చా?
- ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: అలా రాయకండి. ఆ పెప్టైడ్ యాంటీబాడీ పట్టుకునే చోటును ముందే నింపేస్తుంది కనుక, ఆ చోటుతోనే అంటుకున్న ప్రతి ప్రొటీనూ, అసలుదైనా కాకపోయినా, బ్లాట్ మీద కనబడకుండా పోతుంది. ఒకే తాళంచెవితో రెండు ఇళ్ల తాళాలు తెరుచుకుంటున్నప్పుడు ఆ తాళంచెవిని దాచేస్తే రెండూ తెరుచుకోవు. అంతమాత్రాన రెండిళ్లూ ఒకటే కావు. పైగా ఇలాంటి యాంటీబాడీలను చాలాసార్లు అదే పెప్టైడ్ మీద శుద్ధి చేస్తారు. అంటే సీసాలో ఉన్నవన్నీ ఆ పెప్టైడ్‌ను పట్టుకునేవే కాబట్టి, అది కలిపితే సంకేతం పోవడంలో ఆశ్చర్యం లేదు. సినాప్టోఫిజిన్ తోక భాగంలో గ్లైసిన్, ప్రోలిన్, టైరోసిన్, గ్లుటమిన్ మళ్లీ మళ్లీ వస్తాయి. మీ పెప్టైడ్ అక్కడిదే అయితే, అలాంటి వరుస ఉన్న వేరే ప్రొటీనును కూడా యాంటీబాడీ పట్టుకునే అవకాశం ఉంది. ఈ పరీక్ష ఒక్కటే చాలదని 2003లోనే 'జర్నల్ ఆఫ్ కంపారటివ్ న్యూరాలజీ' సంపాదకులు హెచ్చరించారు.

అయినా ఈ పరీక్షను మానవద్దు, సరిగా చేయండి. ఒకే పలుచన యాంటీబాడీని మూడు గొట్టాల్లో పోసి, ఒకదానిలో బరువులో అయిదు నుంచి పది రెట్లు మీ పెప్టైడ్, రెండోదానిలో అంతే పరిమాణంలో సంబంధం లేని పెప్టైడ్ వేసి, మూడోదానిలో ఏమీ వేయకుండా, 4 డిగ్రీల సెల్సియస్ దగ్గర రాత్రంతా తిప్పుతూ ఉంచండి. తర్వాత ఒకే జెల్ నుంచి కోసిన మూడు పట్టీలను ఒకే ఎక్స్‌పోజర్‌లో చూడండి. సంబంధం లేని పెప్టైడ్‌తోనూ బ్యాండ్లు పోతే, లోపం పద్ధతిలోనే ఉంది.

ఇక అసలు గుర్తింపు విషయం. సినాప్టోఫిజిన్ జన్యువు తీసేసిన చిట్టెలుకలు బతుకుతాయి కనుక, వాటి మెదడు నమూనా దొరికితే అంతకు మించిన సాక్ష్యం లేదు. దొరకనప్పుడు, ఆ జన్యువు చొప్పించిన హెచ్‌ఈకే కణాల (ప్రయోగశాలలో పెంచే మానవ కణాల) నమూనాను, ఖాళీ వెక్టర్ (ఆ జన్యువు లేని వాహక డీఎన్ఏ) ఇచ్చిన కణాల నమూనా పక్కన అదే జెల్‌లో నడపండి. ప్రొటీనులోని వేరే భాగానికి తయారైన రెండో యాంటీబాడీతో కూడా చూడండి. అంతవరకు థీసిస్‌లో 38 దగ్గరి బ్యాండు ఆశించిన బరువులోనే వచ్చిందని, 55 దగ్గరిది ఇంకా గుర్తు తెలియనిదని రాసి, మొత్తం బ్లాట్ బొమ్మను కత్తిరించకుండా జతచేయండి.